ఎల్లిగడ్డ ముట్టని బావకు రబ్బరు ఎర

మా అక్క సుజాతను ఎల్లారెడ్డిలో ఇచ్చారు. కామారెడ్డి నుంచి నేను ఆదివారం ఆదివారం అక్కడికి బస్సెక్కేది అక్కను చూడడానికని ఇంట్లో చెప్పేవాణ్ణి గానీ, అసలు పోయేది బావ కోసం. రాజలింగం బావ, నేను చెరువు కట్ట మీద గాలాలు వేసుకుని కూర్చుంటే పొద్దు ఎటు పోయేదో తెలిసేది కాదు. అట్లాంటి మనిషి డోంగ్లిలో ఉండే తన మేనమామ వెంట పండరిపురం నడిచిపోయి, తులసిమాల వేసుకుని తిరిగొచ్చాడు. మాంసం బంద్, చేప బంద్. ఎవరి నిష్ఠ వారిది, నేను కాదనలేదు. కానీ వానపామును ముల్లుకు గుచ్చడం కూడా పాపమేనట. చెరువుకు రావడమే మానేశాడు.

ఫోన్ చేస్తే, "పాణమున్నదాన్ని గుచ్చుడు నాతోని గాదు బామ్మర్దీ. గాలపు కట్టెలు ఎవలకన్న ఇచ్చేస్త" అన్నాడు.

ప్రాణం లేని ఎర తెస్తే వస్తావా అని అడిగాను. "ఒక్క ఐతారం చూస్త. కుదరకుంటే మల్ల నన్ను చెరువు మాట అడగొద్దు" అన్నాడు. ఆ ఒక్క ఆదివారం మీదే మా ఇద్దరి ఆదివారాలన్నీ ఆధారపడ్డాయి.

నాకు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. కరిగించడం, పోయడం చేతకాని పనులు కావు. చిరిగిపోయిన పాత రబ్బరు ఎరలు, పేరుకే రబ్బరు గానీ మెత్తటి ప్లాస్టిక్కే, పోగుచేసి, వాకిట్లో పాత గిన్నెలో కరిగించి, ప్లాస్టర్ అచ్చుల్లో పోశాను. వానపాముల వంటివి, కప్పల వంటివి వచ్చాయి. చూడడానికి బాగానే ఉన్నాయి గానీ కామారెడ్డి చెరువులో వేసి చూస్తే చేప టక్కున కొట్టి వెంటనే ఉమ్మేసింది. మరి రబ్బరుకు వాసన ఏముంటుంది, రుచి ఏముంటుంది?

వాసన పట్టించాలని వెల్లుల్లి రసం తీసి కరిగిన ప్లాస్టిక్‌లో పోశాను. కాగిన నూనెలో నీళ్లు పడ్డట్టు చిటపటమని ఎగిరి చేతి మీద బొబ్బలు లేచాయి. మీలో ఎవరైనా చేయబోతే గుర్తుపెట్టుకోండి, నీళ్లున్నది ఏదీ అందులో పోయకూడదు, నూనెలోకి దింపిన వాసనే పోయాలి. అదీ మంట మీంచి దించాక, చుక్కలు చుక్కలుగా. ఎక్కువైతే ఎర మెత్తబడి ముక్కలైపోతుంది. రెండోసారి వెల్లుల్లి, రొయ్యపొట్టు కలిపి నూనెలో కాచి వడగట్టాను. ఘాటు అదిరిపోయింది. మా ఆవిడ నన్ను, గిన్నెను కలిపి గేటు బయట పెట్టింది.

ఆ ఎరలు స్టీలు డబ్బాలో సర్దుకుని ఆదివారం పొద్దున ఏడున్నరకు కామారెడ్డి బస్టాండు చేరాను. వాసన నూనె అయిపోయాక పోసినవి కొన్ని మిగిలితే వాటిని వేరే కవర్లో చుట్టి సంచిలో పడేశాను. ఎల్లారెడ్డి బస్సు ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అనుకుంటూ ఎనిమిదిన్నర అయింది. వచ్చిన బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు సున్నా టికెట్టు, నాకు నిండు టికెట్టు, నిలబడడం మాత్రం అందరికీ సమానం.

తాడ్వాయి దాటేసరికి ఎండకు డబ్బా వేడెక్కి, మూత సందుల్లోంచి వాసన బయలుదేరింది. బీడీల బుట్ట ఒళ్లో పెట్టుకున్న ఒక అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసి, "రొయ్యపొట్టు అమ్మవోతున్నవా బిడ్డా?" అంది.

"కాదవ్వా, చేపలకు."

"చేపలకు రొయ్యలు వెడ్తున్నవా? మాకే దొరుకుతలెవ్వు" అని పక్కావిడకు చెప్పి నవ్వింది.

ఈ మాట వెనక సీట్ల దాకా పాకింది. లింగంపేటలో నాకు సీటు దొరికింది గానీ నా పక్కన ఎవరూ కూర్చోలేదు. చివరికి కండక్టరమ్మ వచ్చి, "అన్నా, గా డబ్బ సంచిల వెట్టి ముడెయ్యి. గాలి ఆడ్తలేదు" అంది. సంచిలో పెట్టాను. వాసన సంచికి కూడా పట్టింది. ఆ రోడ్డు గుంతలు, ఆ చూపులు, చేతి బొబ్బల మంట అన్నీ కలిసి, బావను ఆ పండరిపురం దాకా నడిపించిన మేనమామ మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

ఎల్లారెడ్డిలో దిగేసరికి పది దాటింది. బస్టాండు దగ్గర చాయ్ తాగి ఇంటికి నడిచాను. అక్క గేటు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టింది.

"గదేంది వాసన? లోపటికి తేకు. ఎల్లిగడ్డ గిట్ల గుప్పుమంటే మీ బావ పల్లెం ముందటి నుంచి లేస్తడు."

"ఎల్లిగడ్డ కూడా బందేనా?"

"ఉల్లిగడ్డ సుత బందే. నీకు చెప్పలే?"

ఎవరూ చెప్పలేదు. మాంసం బంద్ అన్నారు, చేప బంద్ అన్నారు. మాల వేసుకున్న మనిషి వెల్లుల్లి కూడా ముట్టడని ఈ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు, నాకే తట్టలేదు. పైగా అందులో రొయ్యపొట్టు. జీవహింస వద్దన్న మనిషికి రొయ్యల నూనెలో ముంచిన ఎర తెచ్చాను.

బావ బయటికి వచ్చి డబ్బాకు దూరంగా నిలబడి ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. "నేను ముట్ట" అన్నాడు.

"బావా, ఇది రబ్బరు. దీనికి పాణం లేదు."

"వాసనకు ఉన్నది గద."

నేను తల కొట్టుకున్నాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వెల్లుల్లి వేస్తే బావకు పడదు, వేయకపోతే చేపకు పట్టదు. ఇద్దరికీ నచ్చే వాసన ఈ లోకంలో ఏముంది?

"ఊదుబత్తి పొడి కలుపుదమా?" అన్నాడు బావ, నిజంగానే.

"చేపకు పూజ చేస్తున్నమా బావా?"

అప్పుడు మా అక్క, ఇద్దరి గొడవా భరించలేక కాబోలు, "సోంపు వెయ్యిండ్రి. గది ఏకాదశి నాడు సుత తింటడు" అని లోపలికి పోయింది.

సోంపు. పిండి ఉండల్లో సోంపు కలిపి రవ్వ చేపలు పట్టేవాళ్లను నేనెన్నోసార్లు చూశాను. నాకెందుకు తోచలేదో ఆ దేవుడికే తెలియాలి. బజారుకు పోయి తెచ్చాను. దుకాణదారు, "హోటల్ వెట్టిండ్రా అన్నా?" అని అడుగుతుంటే పైసలిచ్చి వచ్చేశాను. దంచి, మంచినూనెలో సన్నటి సెగ మీద కాచి, బట్టలో వడగట్టాను. వాసన లేని ఎరలు కొన్ని బయటికి తీసి, ఆ నూనె, కొంచెం ఉప్పు పట్టించి, కవర్లో మూతిగట్టి ఎండలో పెట్టాను. కరిగేటప్పుడు కలిపినంత లోతుకు దిగదు గానీ పైపైన బాగానే పడుతుంది. వెల్లుల్లి డబ్బాను అక్క పశువుల కొట్టం వెనక దాచింది. ఈలోపల ఉల్లి లేని పప్పు, చింతపండు చారుతో అన్నం తిన్నాం. చారు బాగుందని ఒప్పుకోవడం కూడా నాకు ఇష్టం లేకపోయింది.

మూడింటికి షేరింగ్ ఆటో ఎక్కాం. మనుషులు నిండితే గానీ కదలనని ఆటో అతను బీడీ ముట్టించాడు. చెరువు చేరేసరికి నాలుగు. చెరువు సంఘం వాళ్లు బావకు దోస్తులే, పలకరించి పోయారు.

నేను కట్టె విప్పి దారం సరిచేస్తుంటే బావ నా చేతిలోంచి ముల్లు తీసుకున్నాడు. జేబులోంచి పటకారు తీసి మొన పుటుక్కున తుంచేశాడు. కాడ మిగిలింది.

"ముల్లు లేని గాలం ఏంది బావా?" అన్నాను.

"చేపను గుచ్చుడు బందు. చెరువుకాడికి వచ్చుడు బందు కాదు" అన్నాడు శాంతంగా.

పట్టి వదిలేస్తాడేమో అనుకున్నాను గానీ అసలు ముల్లు లేకుండానే గాలం వేస్తాడని నేను అనుకోలేదు. బొబ్బలు లేపుకున్నది, బస్సులో పరువు తీసుకున్నది, సోంపు దంచింది ఇందుకా? కోపంతో ఒక మాట అనబోయి, అంటే ఈ ఆదివారం ఇక్కడితో ఆఖరవుతుందని గుర్తొచ్చి ఆగాను. తేడా బావకే తెలియాలని ముందు వాసన లేని ఎర ఒకటి కట్టి ఇచ్చాను. చాలాసేపటికి దారం ఒకసారి అదిరింది, అంతే. కొట్టింది, ఉమ్మేసింది. బావ ముఖం చిన్నబోయింది. "గింతేనా" అని కట్టె నా వైపు చాపాడు.

"ఇంకొక్కటి" అని బతిమాలి, సోంపు ఎర కట్టాను. తూటికాడ పొద పక్కన వేశాడు. మెల్లగా లాగుతున్నాడు. దారం ఉన్నట్టుండి బిగుసుకుంది. కట్టె వంగింది. బావ లేచి నిలబడ్డాడు.

"విడుస్తలేదు బామ్మర్దీ" అన్నాడు గుసగుసగా.

ముల్లు లేదు. పట్టి ఉంచేది ఏదీ లేదు. చేప తనకు తానుగా నోట్లో పెట్టుకుని గుంజుతోంది, అంతే. అది అటు పోతే దారం అటు, ఇటు పోతే ఇటు. కొర్రమట్టే అయ్యుంటుంది, ఆ బలం చూస్తే. బావ మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగిపోయాడు, మాల మెడలో ఊగుతోంది, నవ్వుతున్నాడు. పండరిపురం నుంచి వచ్చాక ఆయన అట్లా నవ్వడం నేను చూడలేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. కాసేపటికి చేప వదిలేసింది. బావ ఎర మీది పళ్ల గాట్లను వేలితో తడిమి చూసి, వాసన చూశాడు.

"సోంపు తక్కువైంది. ఈసారి కరిగేటప్పుడే కలుపుకరా" అన్నాడు.

ఆఖరి బస్సుకు ముందు బస్సే దొరికింది. సీటు కూడా దొరికింది. వెల్లుల్లి డబ్బా మళ్లీ నా సంచిలోనే, పక్క సీటు మళ్లీ ఖాళీనే. ఇదే దారిలో వచ్చేవాళ్లకు నేను చెప్పేదల్లా ఇంతే: ఎరకు వాసన కలిపే ముందు చేపకు ఏది ఇష్టమో కాదు, పక్కన కూర్చునే మనిషికి ఏది పడుతుందో కనుక్కోండి. నేనది కనుక్కోక ఒక రోజంతా తిప్పలు పడ్డాను.

లింగంపేట దాటుతుండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "మసాలా నూరి వెట్టిన. ఏమన్న వడ్డయా?"

"బావ వడ్డడు" అన్నాను.

"అయితే పప్పు ఏస్త" అని ఫోన్ పెట్టేసింది.