సానియే పెద్దమ్మ చెప్పని మాట

టర్కీలోని జొంగుల్దాక్ కొండవాలు మీద మా బొగ్గుగని వాడలో తైఫూర్‌ని అందరూ తలుపు అని పిలిచేవారు. పద్నాలుగేళ్లు గని ఫుట్‌బాల్ క్లబ్బు తరఫున వెనక వరసలో, గోలుకు ముందు నిలబడి ఆడాడు. బంతితో అతన్ని దాటిపోవడమంటే గడియ పెట్టిన తలుపులోంచి దూరిపోవడమే. అన్నేళ్లలోనూ అతను కొట్టింది ఒకే ఒక్క గోలు, అదీ తన జట్టు మీదే. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాడు.

పైవాడ జట్టులో వెదాత్ అని ఇరవై రెండేళ్లవాడు కుడి అంచున గాలిలా పరిగెత్తేవాడు. పెద్ద క్లబ్బువాళ్లు అతన్ని చూసిపోదామని వచ్చిన రోజునే తైఫూర్ అతని కాళ్ల కిందికి జారాడు. ఎండుపుల్ల విరిగినట్టు కాలు విరిగిన చప్పుడు మైదానానికి రెండు వైపులా వినిపించింది. వెదాత్ మళ్లీ ఆడలేదు. గనిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించే గదిలో కూర్చునే పని ఇచ్చారు. పంతొమ్మిదేళ్లు కుంటుకుంటూ ఆ గదికి వెళ్లొచ్చాడు.

బంతికే వెళ్లానని తైఫూర్ ఆ రోజే అన్నాడు. తరవాత అడిగినవాళ్లందరికీ అదే చెప్పాడు. కానీ ప్రతి పండక్కీ వెదాత్ ఇంటికి వెళ్లి హలాల్ అడగాలనుకునేవాడు. నావల్ల నీకు జరిగినదాన్ని వదిలెయ్యి, దేవుడి ముందు నన్ను నిలదీయకు అని అడగడం అది. ఆ మాట తీసుకోకుండా చావాలంటే మా వాడలో ఎవరికైనా భయమే. తైఫూర్ వీధి మొదటిదాకా వెళ్లేవాడు, రొట్టెలంగట్లో ఏదో ఒకటి కొనుక్కుని తిరిగొచ్చేవాడు. చిన్నవాడేగా, తొందరేముందిలే అనుకునేవాడు.

తొందరపడింది వెదాత్ గుండె.

మసీదు వాకిట్లో రాతిపలక మీద శవపేటిక పెట్టారు. వాడుక ప్రకారం ఇమాము జనాన్ని మూడుసార్లు అడిగాడు, చనిపోయిన ఇతని మీద మీకున్న హక్కులు హలాల్ చేస్తున్నారా అని. చేశామన్నారు అందరూ. అందరికంటే గట్టిగా అన్నది తైఫూరే. పంతొమ్మిదేళ్లు గొంతులో ఇరుక్కున్న మాట, దారి కనబడగానే బయటికి దూకింది. కానీ అక్కడ బతికున్నవాళ్లు పోయినవాణ్ణి క్షమిస్తారు, అంతే. పోయినవాడి తరఫున ఎవరూ ఎవరినీ క్షమించరు. ఆ సంగతి నోరు మూశాక గానీ అతనికి తట్టలేదు. గోడవారగా ఆడవాళ్లలో నిలబడ్డ వెదాత్ తల్లి సానియే అతని వైపు తిరిగింది.

"నా కొడుకు నీకేం చేశాడని క్షమించావు, తైఫూర్?"

ఆ ఏడే అతను గని క్లబ్బుకు కోచ్ అయ్యాడు. మొదటి ఆటలోనే ఎదుటి జట్టును లెక్కపెడితే పన్నెండుమంది వచ్చారు. పన్నెండోవాడు కుడి అంచున కాలీడుస్తున్నాడు. మళ్లీ లెక్కపెడితే పదకొండే. తనవాళ్లు ఎవరైనా జారితే, కాలు బంతికి తగలకముందే అతని చెవిలో ఎండుపుల్ల విరిగేది. చివరికి జారడమే మానేయమన్నాడు. జారకపోతే బంతి ఎలా తీసుకోవాలి కోచ్, బతిమాలుకోవాలా అని వెనక వరస ఆటగాడొకడు అడిగితే వినబడనట్టు ఈల ఊదాడు.

రెండో ఏడు వరసగా ఏడు ఆటలు ఓడారు. తలుపు కాస్తా తెరగుడ్డ అయిందని టీ కొట్టులో నవ్వుకున్నారు. ఇంట్లో సగం భోజనంలో లేచి కిటికీ దగ్గరికి వెళ్లేవాడు. ఎవరో కుంటుతూ మెట్లెక్కుతున్నారు, వినబడటంలేదా అనేవాడు. భార్య నెర్మీన్ ఓపిక పట్టి పట్టి ఒకరోజు పళ్లెం పక్కకు తోసింది.

"బతికున్నప్పుడు పిలిచుంటే నా చేత్తో వండిపెట్టేదాన్ని. ఇప్పుడు నేనేం పెట్టను? వెళ్లి వాళ్లమ్మనడుగు."

గురువారం మధ్యాహ్నం కిలో చక్కెర, తేయాకు పొట్లం పట్టుకుని వెళ్లాడు. సానియే వాటిని ఎగాదిగా చూసి, పరామర్శకు రెండేళ్లు పట్టిందా నాయనా, చక్కెర గడ్డకట్టలేదు కదా అంది. పొయ్యి పక్కన కూర్చోబెట్టి టీ పోసింది. అతను గ్లాసు ముట్టలేదు.

"హలాల్ అడగడానికొచ్చాను, పెద్దమ్మా."

"దేనికి? నువ్వు బంతికే వెళ్లావుగా."

అవునంటే ఆ మాట దొరికిపోయేది. కానీ అబద్ధం మీద తీసుకున్న హలాల్ చెల్లదని అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు.

"కాలికే వెళ్లాను. కావాలనే."

పొయ్యిలో బొగ్గు చిటపటలాడింది. సానియే, వాడికి తెలుసా అని అడిగింది. కింద పడుతూ నా కళ్లలోకే చూశాడు, తెలుసు అన్నాడు తైఫూర్.

"బంతికే వచ్చాడమ్మా అని పంతొమ్మిదేళ్లు చెప్పాడు నా బిడ్డ. వాళ్లన్నలు కర్రలు పట్టుకుని నీమీదికి బయల్దేరితే, కట్టుకట్టిన కాలితో గుమ్మానికి అడ్డం నిలబడి మరీ చెప్పాడు. ఇవాళ నువ్వొచ్చి వాణ్ణి అబద్ధాలకోరును చేశావు."

తైఫూర్‌కి తల ఎత్తే ధైర్యం లేకపోయింది.

"హలాల్‌లో వాడి వంతు వాడు పట్టుకుపోయాడు," అంది సానియే. "నా వంతు నా దగ్గరుంది. ఇవాళ ఇవ్వలేను. టీ తాగు, చల్లారిపోతోంది. వచ్చే గురువారం రా."

ఆ ఏడు జట్టు కింది తరగతికి పడిపోయింది, కోచ్ పని కూడా పోయింది. గురువారాలు మాత్రం పోలేదు. నూట నలభై మెట్లెక్కి వెళ్లి ఆమెకు బొగ్గు మోసిపెడతాడు, పొయ్యి గొట్టం దులుపుతాడు. ఆమె మోకాళ్ల నొప్పి గురించీ కోడలి పెడసరం గురించీ చెబుతుంది, అతను వింటాడు. ఆ ఒక్క మాటా ఆమె అనదు, అతను అడగడు. ఆమెకు డెబ్బై తొమ్మిది నిండాయి, చలికాలమంతా దగ్గు. గురువారం వచ్చిందంటే తైఫూర్ అడుగు మెట్టు దగ్గరే నిలబడి చెవి ఒగ్గుతాడు. పైనుంచి ఆ దగ్గు వినబడితేనే కాలు కదుపుతాడు.