హుసేన్‌బీ అత్త, మా అమ్మ చేతి బోణీ

నిన్న పొద్దున ఫోన్ మోగినప్పుడు చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తడానికి కూడా నాకు మనసు రాలేదు.

హుసేన్‌బీ అత్త కూతురు. "మా అమ్మ పోయింది పాపా" అంది. నిద్రలోనే పోయిందట.

పుస్తకం ఏ పేజీలో మూశానో గుర్తు లేదు.

అత్త మాకు చుట్టం కాదు. ఆళ్లగడ్డ దగ్గర కొంచెం చేను ఉంది ఆమెకు. ప్రతి ఆదివారం తెల్లవారక ముందే బస్సెక్కి, నంద్యాలలో మా కాలనీ వెనక మైదానంలో జరిగే రైతుల సంతకు వచ్చేది. ఆకుకూరలు, చిక్కుడులాంటి అనపకాయలు, గట్టు మీది చెట్ల సీతాఫలాలు, ఏ కాలానికి ఏది కాస్తే అది.

అమ్మను వదినా అనేది. నన్ను కోడలా అనేది. అట్లా అత్త అయింది.

ఆ సంత నాకు ఎప్పుడూ సగం కలలాగే ఉంటుంది. మంచులో బల్బులు పసుపు పచ్చగా వెలుగుతుంటాయి. తడి కొత్తిమీర వాసన వస్తుంది. మనుషుల కంటే ముందు మాటలు వినపడతాయి, తర్వాత ముఖాలు కనపడతాయి. తెల్లారేసరికి దూరంగా నల్లమల ఒక నీలం గీతలాగా తేలుతుంది.

నాన్న పోయాక అమ్మ చాలా నెలలు గడప దాటలేదు. ఒక ఆదివారం నేనే బతిమాలి సంతకు తీసుకుపోయాను. మరీ పొద్దున్నే వెళ్లాం, ఎవరూ చూడరని.

టమాటాల దగ్గర అమ్మ వంగింది. టమాటాలాయన అమ్మ నుదురు చూశాడు. బొట్టు లేదు.

"బోణీ కాల్యామ్మా. ఇంగ కాసేపాగి రా" అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. అమ్మ సంచి మడుచుకుంది. ఇక ఈమె ఇల్లు కదలదు అనుకున్నాను నేను.

అప్పుడు పక్క నుంచి ఒక గొంతు.

"ఏం వదినా, యాడికి పోతాండావ్? ఈడికి రా. నాకు బోణీ నువ్వే చెయ్."

అంతకు ముందు మేము ఆమెను చూసింది లేదు.

అమ్మ మెల్లగా అంది. "వద్దులేమ్మా. నాకు ఆయన లేడు."

"నాకు మాత్రం ఉండాడా? నా గంప నేను ఎత్తుకొని రాల్యా? నా చేతికి లేని దోషం నీ చేతికి యాడిది?"

అమ్మ తోటకూర కొంది. అత్త ఆ నోటును కళ్లకద్దుకుని గంపకు తాకించింది.

నేను పక్కన నిలబడి చూస్తున్నాను. "ఏం కోడలా, నోరు తెరిస్తే ముత్యాలు రాల్తాయనా?" అని నన్నూ వదల్లేదు.

మేము ఇల్లు చేరామో లేదో వాన. అంతకు ముందు ఆకాశంలో మబ్బు కూడా లేదు. సంత అంతా చెదిరిపోయింది. వాన ఆగేదాకా అమ్మ కిటికీ దగ్గరే నిలబడింది.

మరుసటి ఆదివారం లేవలేదు. "నా చేతి బోణీ ఎట్లుంటుందో చూసినావు గదా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

నేను ఒక్కదాన్నే వెళ్లాను.

అత్త గంప మీద గోనెపట్టా అలాగే కప్పి ఉంది. చుట్టుపక్కల బేరాలు సాగిపోతున్నాయి. ఎవరో సీతాఫలాలు అడిగారు. "ఇంగా బోణీ కాల్యా" అని పంపించేసింది.

"మీయమ్మ యాడ?"

"రానంటోంది అత్తా. పోయిన వారం వాన తన వల్లే పడిందని."

ఆమెకు నవ్వు ఆగలేదు. "మీయమ్మ పిలిస్తే వానొస్తాదా? అట్లయితే మా చేన్లోకి పిల్చుకొని పోదుం గదా. ఆడ ఎండి సస్తాండాం."

తర్వాత నవ్వకుండా అంది. "పో, పిల్చుకొని రా. మీయమ్మ వచ్చేదాంక ఈ పట్టా తియ్యను. బేగా పో."

పరుగెత్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అమ్మ లేచి కూర్చుంది. "పిచ్చిదా ఏందీ, సరుకంతా వాడిపోతాది" అంటూ తల కూడా దువ్వుకోకుండా నాతో వచ్చింది.

అప్పటికి ఎండ ఎక్కింది. పక్కవాళ్ల గంపలు సగం ఖాళీ. అత్త మమ్మల్ని చూసి, ఏమీ జరగనట్టు, గోనెపట్టా తీసింది. కళ్లు విచ్చిన సీతాఫలాలు.

అమ్మ డబ్బులు చాపింది. అత్త ఆ చేతిని కాసేపు పట్టుకుంది, అంతే.

ఆ రోజు ఆమె సరుకు అమ్ముడుపోయిందో లేదో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు. అమ్మ అడగలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మేము వెళ్లాం. ఎండాకాలంలో చింతచిగురు, చలికాలంలో అనపకాయలు. బోణీ అమ్మదే. వాళ్లిద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటుంటే నేను ఆకుల మధ్య కూర్చుని వినేదాన్ని. ఆ మాటలు ఎంత సేపు విన్నా ఇంకా తెల్లవారుజామే అన్నట్టు ఉండేది.

నిన్న ఆళ్లగడ్డ వెళ్లాం. అమ్మ వాకిట్లోనే ఆగిపోయింది, లోపలికి రావచ్చో లేదో తెలియక. అత్త కూతురు వచ్చి చెయ్యి పట్టుకుని తల్లి దగ్గర కూర్చోబెట్టింది. అత్త ముఖంలో అలసట లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటుందేమోనని నాకు భయం వేసింది.

ఈ రోజు ఆదివారం.

చీకటుండగానే గడియ తీసిన చప్పుడు. నేను లేవబోయాను. "నువ్వు పడుకో" అంది అమ్మ. నాన్న పోయాక సంతకు ఒక్కతే వెళ్లడం ఇదే మొదటిసారి.

గదిలోకి ఎండ వచ్చాక తిరిగి వచ్చింది. సంచిలో మెంతికూర, వంకాయలు.

"ఎవరి దగ్గర కొన్నావమ్మా?"

"దొర్నిపాడు నుంచి ఎవరో అమ్మాయి, కొత్తగా వచ్చింది. అప్పుడే గంప దించుతాండె."

"ఆ అమ్మాయి పిలిచిందా?"

"లేదు" అంది అమ్మ, మెంతికూర విప్పుతూ. "నేనే పోయి, బోణీ నేను చేస్తా పాపా అన్నాను."

అత్తా, ఈ పొద్దు నీకు బస్సు లేదు, బరువు లేదు. నీ అల్లా నీ నిద్రను చల్లగా కాయాలి.