తడపకూడని చోటు

మా ఎదుటి క్వార్టర్ పిన్ని మొన్న సోమవారం పొద్దున్నే పోయింది. రాయపూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్లలో ఆమె పేరు చాలామందికి తెలియదు. అందరికీ పిన్నే.

గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్. ఆలస్యంగా బయటపడింది. కొంత ఆమె పట్టింపు వల్లే. రక్తం ఆగకుండా పోతుంటే, ముట్టు ఆగిపోయే వయసులో మామూలే అనుకుని, నెలల తరబడి వరండాలో చాప వేసుకుని కూర్చుంది. వంటింట్లో అడుగు పెట్టలేదు. బాబాయి బొగ్గు ఇంజన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఆయన వండుతుంటే గుమ్మం ఇవతలి నుంచి చెప్పేది.

"పోపు మాడిపోతంది. ఇంజననుకున్నారేటి, అలా మంట పెట్టీసినారు?"

"ఇంజనైతే నోరు మూసుకుని నడుస్తాది," అనేవాడాయన.

రెండేళ్ల కిందట ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ముదిరిన జబ్బుకి ఇంతకుముందు కరెంటు, అంటే రేడియేషన్, ఒక్కటే పెట్టేవారట. దానితోపాటు వారానికోసారి సెలైన్లో కీమో మందు కూడా ఎక్కిస్తే మేలని ఇప్పుడు తేలిందట. రెండూ కలిస్తే నీరసం, వాంతులు ఎక్కువే. మధ్యలో మాత్రం ఆపకూడదు. కరెంటు ఎక్కడ పెట్టాలో తెలిసేలా పొత్తికడుపు మీద ఊదా సిరాతో గీతలు గీశారు. "నిశాన్ మిటానా నహీ, అమ్మా. పానీ మత్ లగానా," అన్నాడు గీసినతను. గీతలకి నీళ్లు తగలకూడదు; అవి చెరిగితే కొలతలు మళ్లీ మొదటికొస్తాయి.

రోజూ నేను తోడు వెళ్లేదాన్ని. వాంతి చేసుకున్నాక నోరు తుడుచుకుని, "మీ బాబాయి పప్పుచారు కన్నా ఈ మందే నయమే," అనేది.

కొన్ని వారాలకి రక్తం ఆగింది. ఆమె లెక్కలో ఇక తలస్నానం చేసి వంటింట్లోకి వెళ్లాలి. నీళ్లు పోసుకుంటే గీతలు పోతాయి. ఆ పొద్దు చాప మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, కాళ్లూ చేతులూ కడుక్కుని, గుమ్మం దాటి పొయ్యి వెలిగించింది.

"స్నానం, పిన్నీ?" అన్నాను.

"కరెంటు పూర్తవనీ. దేవుడికి చెప్పీసినాన్లే. నా చేతి నైవేద్యం వద్దంటే ఆయన్నే వండుకోమన్నాను."

బాబాయి రెండో గ్లాసు కాఫీ అడిగాడు.

ఒక్కరోజూ మానకుండా వైద్యం పూర్తి చేసింది. ఆ తర్వాత కాలనీలో ఏ ఆడమనిషి ఎక్కువ రోజులు విడిగా కూర్చున్నా వెళ్లి, "ఏటి, ఇంకా ఆగలేదా? లే, చూపించుకుందాం," అనేది. మా తోడికోడలిని అలాగే లేపి తీసుకెళ్లింది. ఆమెకి జబ్బేమీ లేదని తేలితే మా అందరికన్నా పిన్నే ఎక్కువ సంతోషించింది.

ఏడాదిపాటు తన వంట తనే చేసుకుంది. తర్వాత జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది.

సోమవారం ఆడవాళ్లం పసుపునీళ్లతో స్నానం చేయించాం. గీతలు ఎప్పుడో పోయాయి. కరెంటు తగిలిన మేర చర్మం మాత్రం నల్లగా మిగిలింది. చెంబుతో నీళ్లు పోస్తున్న నా చెయ్యి, అక్కడికి రాగానే, పక్కకి తిరిగింది.