అక్క చెప్పని అంకె

మా మేడ మీది గదిలో అద్దెకుంటున్న అమ్మాయిని వీధంతా బీపీ పిల్ల అంటుంది. పొద్దున్నే భుజానికి సంచీ తగిలించుకుని బయలుదేరుతుంది. అందులో చేతికి చుట్టే పట్టీ, బీపీ చూసే మిషను, కొలత టేపు ఉంటాయి. యూనివర్సిటీలో ఏదో పెద్ద చదువు. "డాక్టరమ్మవి అవుతావా?" అని అడిగితే, "అవుతాను గానీ పెద్దమ్మా, మందు రాసే డాక్టర్ని కాదు" అంది. మందు రాయని డాక్టరు దేనికో నా బుర్రకెక్కడానికి కొన్నాళ్ళు పట్టింది.

సంగతేమిటంటే, రైలు పట్టాలకి అవతలి పెద్ద ఇళ్ళలో పక్షవాతం వచ్చేది పండు ముసలివాళ్ళకి. ఇవతల మా వైపు మాత్రం నడివయసులోనే మనుషులు కూలబడిపోతారు. ఎందుకిలా అన్నదే ఆ పిల్ల చదువు.

"ఉప్పు ఎక్కువ తింటాం కాబోలు" అన్నాను.

"ఉప్పొక్కటే అయితే నా చదువు ఎప్పుడో అయిపోయేది" అని నవ్వింది.

ఇంటింటికీ వెళ్ళి అడుగుతుంది. ఎన్నింటికి లేస్తారు, పనిలో ఎంతసేపు నిలబడతారు, రాత్రి నిద్ర పడుతుందా, ఒంట్లో బాగాలేకపోతే సెలవిస్తారా అని. ఇవే నేనడిగితే ఆరా తీస్తోందంటారు, తను అడిగితే పరిశోధన అంటారు. పట్టీ చుట్టే ముందు కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలని ఒక నియమం. వీధిలో అందరూ కూర్చున్నారు, నేను తప్ప. "మీ నోటికి కూడా ఒక పట్టీ చుట్టాలి పెద్దమ్మా" అని తల పట్టుకుంది.

ఇంతమందిని అడిగే పిల్లని అడిగేవాళ్ళెవరు? సాయంత్రాలు ఫోను చేతిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. తను చెయ్యదు, అది మోగదు. ఒకరోజు పక్కన చేరి కూపీ లాగాను.

అమ్మ పోయేనాటికి తను చిన్నది. అమ్మ ఎప్పుడూ తలనొప్పి అంటూ నుదుటికి గుడ్డ బిగించి కట్టుకునేదట. బీపీ చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. పక్షవాతంతో పోయింది. ఆపైన పెంచింది అక్క. ఈ ఊళ్ళోనే, ఆ చివర, హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీలో అక్కకి పని. కిందటేడు యూనివర్సిటీలో చెల్లెలు తన పరిశోధన గురించి మాట్లాడుతుందంటే, అక్క మంచి చీర కట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. తెర మీద పట్టాలకి ఇవతల పోయినవాళ్ళంతా చుక్కలు చుక్కలుగా కనపడుతున్నారు. చెల్లెలు ఒక చుక్కని చూపించి, "ఇది మా అమ్మ" అంది. హాలంతా చప్పట్లు. అవి ఆగేసరికి ముందు వరసలో కుర్చీ ఖాళీ.

"గొప్పగా చెప్పాననుకున్నాను పెద్దమ్మా. అమ్మని అందరూ చూడాలనుకున్నాను."

"తర్వాత మాట్లాడలేదా?"

"ఒక్కసారి ఫోనెత్తింది. నీకు చుక్క, నాకు అమ్మ అంది. పెట్టేసింది." ఫోను ఒళ్ళో పెట్టుకుని, "ఇప్పుడు అక్కకీ అదే తలనొప్పిట. లాండ్రీలో ఒకావిడ చెప్పింది. అమ్మ పోయిన వయసులోనే ఉంది" అంది.

వీధిలో అందరి చేతులకీ పట్టీ చుట్టే పిల్లకి ఆ ఒక్క చెయ్యే అందడం లేదు. నేనూరుకుంటానా? మర్నాడే బస్సెక్కాను.

లాండ్రీలో ఆవిరికి ముఖం ఉడికిపోయింది. ఇస్త్రీ బల్ల దగ్గర పొడుగాటి మనిషి, అచ్చం ఆ పిల్ల ముక్కే.

"బట్టలిచ్చే కౌంటరు అటండీ" అంది.

"నాకు కావలసింది నువ్వేనమ్మా."

"నేను ఇస్త్రీకొచ్చిన బట్టని కాదండీ!"

"మీ చెల్లెలు మా మేడ మీద ఉంటుంది."

ఇస్త్రీపెట్టె ఆగింది. మళ్ళీ కదిలింది. "తింటోందా?"

"పిట్టలాగా. నీ తలనొప్పి గురించే దానికి బెంగ. ఒక్కసారి చెయ్యి చాపితే చాలుట."

"చాపితే ఏమొస్తుంది? ఒక అంకె వస్తుంది. రేపు దాన్ని తెర మీద పెట్టి, ఇది మా అక్క అంటుంది."

"అయ్యో, అలా అనదమ్మా."

"దానికి నేను కావాలా, నా అంకె కావాలా? కనుక్కుని రండి."

తిరుగు బస్సెక్కాను. ఇంటికొచ్చి, ఉన్నదున్నట్టు ఆ పిల్లకి అప్పజెప్పాను. విని పైకెళ్ళిపోయింది.

ఆదివారం తయారై దిగింది. భుజాన ఏమీ లేదు.

"సంచీ మర్చిపోయావే పిల్లా!"

"మర్చిపోలేదు."

పొద్దుగూకేవేళకి వచ్చింది, అరచేతులు కందిపోయి.

"ఏమంది?"

"లాండ్రీలో అడుగు పెట్టగానే, దుప్పటి ఆ కొస పట్టుకో అంది. అంత పెద్దవి ఒక్కరే మడవలేరు పెద్దమ్మా. దూరంగా నిలబడి లాగాలి, మడతకి దగ్గరికి రావాలి. దగ్గరికొచ్చినప్పుడల్లా ఏమైనా అంటుందేమోనని చూశాను. నా చేతిలో కొస తీసుకుని వెనక్కెళ్ళిపోయేది."

"తలనొప్పి సంగతి?"

"నోటిదాకా వచ్చింది, అడగలేదు. తప్పయిపోయిందక్కా అన్నాను. దుప్పటి సరిగ్గా లాగు అంది."

"ఆ చుక్క తీసేశానని చెప్పలేకపోయావా?"

"తియ్యలేను పెద్దమ్మా, అమ్మ ఆ లెక్కలో ఉంది. వేలు పెట్టి చూపించను, అంతే."

ఇక ప్రతి ఆదివారమూ దుప్పట్లే. వారమంతా ఇతరుల ఇళ్ళలో ప్రశ్నలు, ఆ ఒక్కరోజూ నోరు మూసుకుని మడతలు. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం తడిసి ముద్దయి వచ్చి మెట్ల మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"అక్క ఆసుపత్రిలో చూపించుకుందట. మాత్ర వేసుకుంటోందట."

"బతికించింది! ఎంతుందట?"

"అది చెప్పనంది. మందు వేసుకుంటున్నాను, నువ్వు హడలిపోకు, అంకె మాత్రం నీకు చెప్పను అంది."

వీధిలో ప్రతి మనిషి లెక్కా తెలిసిన పిల్లకి అదొక్కటీ తెలియదు. ఆ ఆసుపత్రిలో ఆయా మాకు దూరపు చుట్టం. "చిటికెలో కనుక్కుంటాను, ఉండు" అన్నాను.

"వద్దు పెద్దమ్మా" అంది కంగారుగా. "ఎంతుంటుందోనని రోజూ అనుకుంటూనే ఉంటాను. అయినా అక్కే చెప్పాలి."

నా నాలుకని కట్టేసుకుని కూర్చున్నాను, ఆ బాధ పగవాళ్ళకి కూడా వద్దు. ఆదివారం గేటు చప్పుడైతే మాత్రం "చెప్పిందా?" అంటాను. తల అడ్డంగా ఊపి పైకెళ్ళిపోతుంది.

మొన్నా అలాగే ఊపింది. కానీ ఎప్పుడూ క్లిప్పు పెట్టి వదిలేసే జుట్టు, లాగి బిగించిన జడగా ఉంది.

"ఎవరు వేశారే?"

"అక్క. కూర్చో అంది. కూర్చున్నాను."

మర్నాడు కూడా ఆ జడ విప్పకుండానే పనికి వెళ్ళింది.