రెండు వందల గజాల దూరంలో కుజుడు

1989 ఫిబ్రవరి 6వ తేదీ, సోమవారం, నన్ను కుజగ్రహానికి డెప్యుటేషన్ మీద పంపారు. ఉత్తర్వులో ఆ మాట లేదు. నార్కట్‌పల్లి సమీపంలోని క్షేత్ర శిబిరంలో అరవై రోజులు రికార్డు బాధ్యతలు నిర్వహించవలెనని మాత్రమే ఉంది. ఏ గ్రహమో రాయలేదు.

అప్పటికి నేను హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో సీనియర్ టెక్నికల్ అసిస్టెంటుని. ల్యాబ్ అటెండరుకు పైన, శాస్త్రవేత్తకు కింద. పని తెలిసి ఉండాలి, అభిప్రాయం ఉండకూడదు, అదీ ఆ హోదా. నాకు చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు ఉండడం వల్ల రికార్డు పనులన్నీ నా నెత్తికే వచ్చేవి.

ప్రయోగం ఉద్దేశం గొప్పదే. మనిషి ఎప్పటికైనా కుజుడి మీదికి వెళ్తాడు. వెళ్లేముందు, నలుగురిని ఒకచోట నలభై అయిదు రోజులు మూసిపెడితే ఎలా తింటారు, ఎలా నిద్రపోతారు, ఎన్నో రోజున కొట్టుకుంటారు అన్నది తెలుసుకోవాలి. దానికి ఎర్ర నేల, రాళ్లు, నిర్మానుష్యం కావాలి. హైవే దిగి కొన్ని మైళ్లు లోపలికి వెళ్తే ఒక చెలక, అంటే మెట్ట చేను, దాని చుట్టూ ఏనుగులంత రాతి గుండ్లు. కమిటీ వారు మ్యాపు చూసి "జనసంచారం లేదు" అని రాశారు. మేము జీపు దిగేసరికి అక్కడ నూట ఇరవై గొర్రెలు, వాటి యజమాని లింగయ్య నిలబడి ఉన్నారు. గొర్రెలు మ్యాపులో పడవు.

లింగయ్యకు అరవై ఏళ్లు ఉంటాయి. ఏం పని మీద వచ్చారని అడిగాడు. ప్రాజెక్టు అధికారి చక్రపాణి గారు, ఈ నేల మీద జీవం ఉందో లేదో వెతికే పని అని ఓపికగా చెప్పారు. ఆయనది కోస్తా, ఇక్కడి మాట ఆయనకు తెలియదు. మా వైపు జీవాలంటే గొర్రెలు, మేకలు.

"జీవాలకు గింత దూరం వచ్చిన్రా సారూ? నా తాన నూట ఇరవై ఉన్నయ్. ఎన్ని గావాలె?" అన్నాడు లింగయ్య.

ఆ పూటే కంచె పాతుతుంటే అతను నా దగ్గరికి వచ్చి ఇంకో మాట చెప్పాడు. "గీ రాళ్ల కింద ఎర్రతేళ్లుంటయ్. రాయి తిప్పాల్నంటే కట్టెతోని తిప్పున్రి, చెయ్యి వెట్టొద్దు." ఆ మాటను నా డైరీలో రాసుకున్నాను. ఆఫీసు రిజిస్టరులో రాయలేదు. రిజిస్టరులో ఉష్ణోగ్రతకు, గాలికి, నీటికి, మనఃస్థితికి కాలమ్‌లు ఉన్నాయి. గొర్రెల కాపరి చెప్పిన మాటకు కాలమ్ లేదు.

ఫిబ్రవరి 13న నలుగురు రేకుల షెడ్డులోకి వెళ్లారు. నాయకుడు ప్రభాకర్, నియమం కోసం అన్నం మానేసే రకం. రాళ్ల శాస్త్రవేత్త యాదగిరి, తిరుమలగిరి వాడు, ఇరవై తొమ్మిదేళ్లు. మిగిలిన ఇద్దరిలో ఒకరు కరెంటు పని, ఒకరు తిండి తూకం చూసేవారు. ఆ రోజు నుంచి రిజిస్టరులో షెడ్డు పేరు కుజుడు. దానికి రెండు వందల గజాల దూరంలో ఉన్న మా గుడారం పేరు భూమి.

వాళ్ల దినచర్య ఇది. పొద్దున నాడి, బరువు, మూత్రం కొలత. తర్వాత కదలని సైకిలు మీద అరగంట. తలకు రోజుకు ఇన్ని లీటర్లని కొలిచిన నీళ్లు, ఎండబెట్టిన కూరలు. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా బయటి నడక. అప్పుడు అంతరిక్ష దుస్తులు వేసుకుని రాళ్ల నమూనాలు ఏరాలి. ఆ దుస్తులను ఆటో సీట్లకు వాడే తెల్ల రెక్సిన్‌తో నల్లగొండలో ఒక దర్జీ కుట్టాడు. తలకు స్కూటర్ హెల్మెట్లు. చేతి తొడుగులతో పెన్సిలు పట్టుకోవడం కుదరదని రెండో రోజే తేలింది. మూడో రోజు నుంచి తొడుగులు నడుముకు వేలాడేవి. దుస్తులు అన్న కాలమ్‌లో "పూర్తిగా ధరించారు" అని నేను రోజూ రాశాను. ధరించడమంటే ఒంటి మీద ఎక్కడో ఒకచోట ఉండడమే కదా.

మంగళవారం మంగళవారం మనఃస్థితి ప్రశ్నపత్రం. ఇంటి మీద బెంగ పదికి ఎంత అన్న ప్రశ్నకు యాదగిరి ప్రతిసారీ ఒకే జవాబు రాసేవాడు: ఇంటి మీద మూడు, మామిడికాయ తొక్కు మీద తొమ్మిది. ఈ రెండో అంకెను ఏ కాలమ్‌లో వేయాలని చక్రపాణి గారు హైదరాబాదుకు ఉత్తరం రాశారు. జవాబు రాలేదు.

చుట్టుపక్కల ఊళ్లలో మా మీద ఒక అభిప్రాయం స్థిరపడింది. లోపలున్న నలుగురికీ కుజదోషం ఉందట, అది పోవడానికి సర్కారు వాళ్లను షెడ్డులో కూర్చోబెట్టిందట. ఒకాయన కొడుకు జాతకం పట్టుకుని వచ్చాడు. "మా పోరనికి గూడ గదే దోషం సారూ. లోపట ఇంకో మంచం వట్టదా?" అని అడిగాడు. పట్టదని చెప్పాను. మాకు వచ్చిన దరఖాస్తులన్నిటిలో ప్రయోగం మీద నిజమైన నమ్మకం ఉన్నది అదొక్కటే.

ఇక అసలు సంగతి. కుజుడి నుంచి భూమికి మాట చేరడానికి కొన్ని నిమిషాలు పడతాయి. దాన్ని మేము పన్నెండుగా ఖాయం చేసుకున్నాం. షెడ్డు నుంచి గుడారానికి ఫీల్డ్ టెలిఫోన్ తీగ ఉంది. గంట మోగితే నేను ఎత్తి, విని, చీటీ మీద రాసి, టైము వేసి, ట్రేలో పెట్టి, అలారం పన్నెండు నిమిషాలకు తిప్పేవాణ్ని. అలారం మోగాక చీటీ చక్రపాణి గారికి ఇవ్వాలి. ఆయన నా పక్క కుర్చీలోనే ఉండేవారు. రిసీవరులోని గొంతు ఆయనకూ వినపడేది. కానీ అధికారికంగా వినపడడానికి పన్నెండు నిమిషాలు పట్టేది. ఆయన ఇచ్చిన జవాబు మళ్లీ పన్నెండు నిమిషాలు ట్రేలో పడుకునేది.

మాటలు పొదుపుగా ఉండాలని నలభై సంకేతాల పట్టిక తయారుచేశారు. పదకొండు జ్వరం. పన్నెండు శ్వాస ఇబ్బంది. పదమూడు ఎముక విరుగుట. ఇరవై అయిదు ఉల్కాపాతం. ముప్పై ఒకటి, జీవం కనబడినది. సందేశం నంబరుతో మొదలుకావాలి, ఆ తర్వాత నాలుగు మాటలు మించకూడదు. నంబరు లేని సందేశం చెల్లదు. ఆరో రోజున వాళ్లు స్టవ్ కారుతోందని నంబరు లేకుండా చెబితే నేనే తిప్పి పంపాను. ఆ పూట నలుగురూ నానబెట్టిన అటుకులు తిన్నారు. నేను రూలు తప్పలేదని చక్రపాణి గారు మెచ్చుకున్నారు.

ముప్పై ఒకటి కోసం ఆయన ప్రత్యేకంగా ఎదురుచూసేవారు. షెడ్డు వెనక గుండ్ల మధ్య పాచి పట్టిన రాయిని ఆయనే స్వయంగా పెట్టి వచ్చారు. దాన్ని వీళ్లు గుర్తుపడతారా లేదా అన్నది పరీక్ష. రోజూ సాయంత్రం "ఇంకా దొరకలేదా?" అని అడిగేవారు, దాచిన లడ్డూ పిల్లలకు దొరకలేదని బాధపడే తాతలాగా.

ఇరవై రెండో రోజు, మార్చి 6, సాయంత్రం 4.10కి ఫోను మోగింది. ప్రభాకర్ గొంతు. "యాదగిరికి" అని మొదలుపెట్టాడు. నేను అలవాటు కొద్దీ "నంబరు" అన్నాను. పట్టిక తిప్పుతున్న చప్పుడు. తర్వాత, "ముప్పై ఒకటి. యాదగిరి. కుడి చెయ్యి."

ఫోను పెట్టేశాను. స్వరం అనే కాలమ్‌లో "ఉత్సాహం" అని రాశాను.

చక్రపాణి గారి ముఖం వెలిగిపోయింది. అయినా నియమం ప్రకారం పన్నెండు నిమిషాలు ఏమీ తెలియనట్టు కూర్చున్నారు. ఆయన మనసులో పాచి రాయి. నా మనసులో లింగయ్య జీవాలు. కంచె ఎక్కడో వదులై గొర్రె దూరిందని, యాదగిరి దాన్ని కుడిచేత్తో పట్టుకున్నాడని అనుకున్నాను. ఇద్దరమూ చదువుకున్నవాళ్లమే.

4.22కి చీటీ ఇచ్చాను. 4.24కి ఆయన జవాబు చెప్పి రాయించారు: "అభినందనలు. నమూనాను చేత్తో తాకవద్దు. సజీవంగా గాజుసీసాలో భద్రపరచండి." దాన్ని ట్రేలో పెట్టి అలారం తిప్పాను.

4.27కి లింగయ్య వగరుస్తూ గుడారంలోకి వచ్చాడు. "సారూ, గా తెల్లంగి పిలగానికి తేలు గుట్టింది. షెడ్డు ముంగట పడేసిన్రు. చెమటలు వోస్తున్నయ్, కక్కుతాండు. మీరు గీడ కూసోని గడియారం జూస్తున్నరా?"

చక్రపాణి గారు లేచి నిలబడ్డారు. ఆయన మొదట అడిగిన ప్రశ్న, వాళ్ల కంట్లో పడ్డావా అని. బయటి మనిషి కనిపిస్తే ప్రయోగం రద్దు, మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క.

"నేను కంట్ల వడుడు గాదు సారూ. ఆయననే కండ్లు తేలేస్తుండు" అన్నాడు లింగయ్య.

చక్రపాణి గారు చెడ్డవారు కాదు. కానీ ఆయన నోటి నుంచి వచ్చింది ఇదే: ప్రయోగంలో లేని మనిషి సమాచారం తీసుకోలేం, వాళ్ల దగ్గర నుంచే సరైన నంబరుతో రానివ్వండి, తలుపు తీస్తే ఇరవై రెండు రోజులూ సున్న. సరైన నంబరు ఏదని నేను అడిగాను. ఆయన పట్టిక తీసి వేలితో పైనుంచి కిందికి వెతికారు. నలభై సంకేతాల్లో తేలు లేదు. కుజుడి మీద తేళ్లు ఉండవు కాబట్టి రాయలేదు. ఉల్కాపాతం ఉంది.

గుడారం బయట జీపు స్టార్ట్ అయింది. డ్రైవరు ఖాజా మియా, నార్కట్‌పల్లి మనిషి. ఎవరినీ అడగలేదు. తల బయటపెట్టి నాతో అన్నాడు: "భూమి మీదికెల్లి కుజుని మీదికి పన్నెండు నిమిషాలెందుకు సారూ? సెకండ్ గేర్ల పోతే ఒక్కటి గూడ పట్టది. వస్తవా, నన్నే పొమ్మంటవా?"

నేను ఎక్కాను. పై అధికారి ఆజ్ఞ లేకుండా పోస్టు వదలడం నా ఉద్యోగంలో అదొక్కసారే. వెనక ట్రేలో జవాబు చీటీ అలాగే ఉంది.

యాదగిరి చెయ్యి వాచలేదు. అందుకే లోపలివాళ్లు మొదట తేలిక అనుకున్నారట. కానీ ఒళ్లంతా చెమట, చేతులు చల్లగా, గుండె పరుగు. ప్రాణం మీదికి తెచ్చే ఎర్రతేలు లక్షణాలు అవేనని తర్వాత తెలిసింది. రెక్సిన్ దుస్తులతోనే జీపులో పడుకోబెట్టాం. దారిలో అతను ఒక్కసారి కళ్లు తెరిచి, "సార్, ముప్పై ఒకటి కరెక్టేనా?" అని అడిగాడు. కరెక్టే అన్నాను.

నల్లగొండ పెద్ద దవాఖానలో ఆ తెల్ల దుస్తులు చూసి, చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో ప్రమాదమా అని జనం మూగారు. డ్యూటీ డాక్టరమ్మ నాడి చూస్తూ ఎన్ని గంటలకు కుట్టిందని అడిగింది. నాలుగుకు కొంచెం ముందు అన్నాను. "జీపు ఉంచుకొని గింత ఆలస్యం ఎందుకైంది?" అంది. భూమికీ కుజుడికీ మధ్య దూరం గురించి ఆమెకు చెప్పే ధైర్యం లేక, జీపు స్టార్ట్ కాలేదన్నాను.

ఖాజా మియా వరండాలో నన్ను పట్టుకున్నాడు. "నా బండి మీద ఏస్తివేంది సారూ? తొమ్మిదేండ్ల సంది ఒక్క సెల్ఫుకే లేస్తది. గడియారం లేవలేదని చెప్పక పోయినవు."

వెనక్కి వెళ్లి డాక్టరమ్మకు నిజం చెప్పాను. ఆమె రాస్తున్న పెన్ను ఆపి నన్ను చూసింది. ఆ చూపుకు కూడా నా దగ్గర కాలమ్ లేదు.

యాదగిరి ఆ రాత్రి గడిచాక గట్టెక్కాడు. మూడు రోజులు దవాఖానలో ఉండి ఇంటికి పోయాడు. ప్రయోగం ఆగింది. చక్రపాణి గారి నివేదికలో "సాంకేతిక కారణాల వల్ల నిలిపివేయడమైనది, సమాచార పద్ధతి ఆశించిన విధంగా పనిచేసినది" అని ఉంది. రెండో సగంలో అబద్ధం లేదు. ఆశించిన విధంగానే పనిచేసింది.

నాకు మెమో వచ్చింది: అనుమతి లేకుండా పోస్టు ఎందుకు వదిలారో వారం లోపల సంజాయిషీ ఇవ్వాలి. ఆ వారమంతా నా డైరీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. 4.10 నుంచి 4.27 దాకా రాసిన పేజీ జతచేస్తే మెమో చక్రపాణి గారి మీదికి తిరుగుతుంది. కానీ అదే డైరీలో ఫిబ్రవరి పేజీ ఉంది: ఎర్రతేళ్లుంటాయని లింగయ్య చెప్పిన రోజు, నా చేతిరాతతో. అది కలిపితే నా మీదికీ తిరుగుతుంది. ఒకటి పెట్టి ఒకటి దాచడం రికార్డు పని కాదు. రెండూ జతచేశాను. ఇద్దరికీ హెచ్చరిక వచ్చింది. నా ప్రమోషను రెండేళ్లు ఆలస్యమైంది. చక్రపాణి గారిది ఒక్క ఏడాదే.

తర్వాత ఏడాది అదే చెలకలో మళ్లీ ప్రయోగం జరిగింది. పట్టికలో నలభై ఒకటో సంకేతం చేర్చారు: "స్థానిక ప్రాణి వల్ల అపాయం". తేలు అని రాయడానికి కమిటీ ఒప్పుకోలేదు. అయితే షెడ్డులోకి వెళ్లినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో కట్టె తీసుకెళ్లారు. ఆ కట్టెలు కొట్టి ఇచ్చింది లింగయ్య. సామాను జాబితాలో వాటిని "నమూనా సేకరణ దండము, నాలుగు" అని నేనే ఎక్కించాను.

ఈ సంగతి నాకు నేర్పింది ఇంతే. ఎక్కడికి పనికి వెళ్లినా, పట్టిక రాసేముందు అక్కడ ముందు నుంచీ ఉన్నవాణ్ని అడగాలి. నేను అడగకుండానే అతను చెప్పాడు, నేను విన్నాను, తేదీ వేసి మరీ రాసుకున్నాను. రాసింది వేరే పుస్తకంలో.