మందు కొట్టని గోడ

తొంభైల మధ్యలో పాడేరు నుంచి జీపు వెనక వేలాడుతూ వెళ్లి, రోడ్డు మీద దిగి ఒక కొండ ఊరికి నడిచేవాణ్ణి. అబ్బాయి పరిశోధన చేస్తున్నాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. దోమలు పడుతున్నానని నేను మాత్రం ఎక్కడా చెప్పుకోలేదు.

ఆడదోమకు మన నెత్తురు ఆకలికి కాదు, గుడ్లకు కావాలి. కడుపు నిండా తాగిన కాసేపటికే దాని ఒంట్లోని కొవ్వు కణజాలం గుడ్డు సొనకు కావలసిన మాంసకృత్తును తయారుచేయడం మొదలుపెడుతుంది. రోజు తిరిగేసరికి ఆ పని ముమ్మరం. మరో రెండు రోజులకు గుడ్లు సిద్ధం. ఇంత క్రమశిక్షణ మా డిపార్ట్‌మెంటులో ఎవరికీ లేదు.

ఒక ఇంటి గోడ నాకు బాగా కలిసొచ్చింది. తాగి బరువెక్కిన దోమలు తెల్లారాక దానిమీదే వాలి ఉండేవి. గాజు గొట్టం నోట పెట్టుకుని పీల్చి పట్టేవాణ్ణి. ఆ ఇంటి పెద్దావిడకు అదో వేడుక.

"ఏటి బాబూ, సదువుకున్నోళ్లు దోమలు పీల్సుకుంటారేటి? మేమైతే అంబలి తాగుతాం."

ఆమె కోడలికి అప్పుడు అయిదో నెల. ఆ గుంట నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఒకరోజు నేనుండగానే, మలేరియా రాకుండా ఇళ్ల గోడలకు దోమల మందు కొట్టేవాళ్లొచ్చారు. పెద్దావిడ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పండక్కి ఎర్రమట్టి పూసి రెండ్రోజులవలేదు. మీ మందు కొడితే గోడంతా బొల్లొచ్చినట్టుంటది. వద్దు నాయనా."

పంపు మోస్తున్నతను నావైపు చూశాడు. "మీరు సెప్పండి బాబూ, బేగి. బరువుగుంది."

ఆమెది పొరపాటని చెప్పగల చదువు అక్కడ నాకొక్కడికే ఉంది. మందు పడితే నా దోమలుండవు. నాకింకా కొన్ని కావాలి.

"ఈ ఒక్క ఇల్లూ వదిలెయ్యండి," అన్నాను.

అతను సంతోషంగా పక్కింటికి వెళ్లాడు. గోడను కాపాడినందుకు పెద్దావిడ నాకు అంబలి పోసింది.

ఏడో నెలలో కోడలికి చలిజ్వరం వచ్చింది. డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చారు. జీపు కోసం చూస్తుండగానే బిడ్డ పుట్టింది. ఏడవలేదు. తల్లి బతికింది.

ఆమెకు జ్వరం వచ్చిన వారం ఆ గోడ మీద పట్టిన దోమల్ని నేను అప్పటికే కోసి చూశాను. అండాశయాలు సొనతో నిండుగా ఉన్నాయి. నా థీసిస్‌లో మంచి ఫొటోలు అవే. అది ఎవరి నెత్తురో తెలుసుకోవలసిన అవసరం నా పరిశోధనకు లేదు.

మళ్లీ వెళ్లినప్పుడు గోడ ఎర్రగా, మచ్చ లేకుండా ఉంది. కోడలు లోపల పడుకుని ఉంది. పెద్దావిడ పీట వేసింది.

"నీ దోమలు గుడ్లెట్టాయా బాబూ?"

ఎత్తిపొడుపు కాదు. నా పని అయిందో లేదోనని నిజంగానే అడిగింది.

"పెట్టాయమ్మా," అన్నాను.

"పోనీలే," అంది.

మందు సంగతి నేనెత్తలేదు. ఆమె అంబలి పోసింది. తాగాను.