ఎదురొచ్చే మనిషి

మా వీధిలో ఎవరు మంచి పనికి బయలుదేరినా ముందు నన్ను పిలిచేవారు. కోర్టు వాయిదాకి వెళ్ళే రైతు, పెళ్ళిచూపులకి వెళ్ళే కుర్రాడు, అందరూ మా గేటు దగ్గర ఆగి, "కాస్త ఎదురు రా అక్కా" అనేవారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, నీళ్ళ బిందె చంకన పెట్టుకుని నాలుగడుగులు ఎదురు నడిచేదాన్ని. నరసరావుపేటకి కోడలిగా వచ్చిన కొత్తలో ఎవరి పనో కలిసొచ్చింది. అప్పటినుంచి నా ఎదురు మంచిదని పేరు పడిపోయింది. నాకూ లోపల గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఎదురింటి వాళ్ళది ఎరువుల కొట్టు. ఆ ఇల్లాలు నన్ను సొంత అక్కలాగే చూసేది. వాళ్ళమ్మాయి పదో తరగతి నుంచి ఇంజినీరింగ్ మొదలుపెట్టేదాకా, నేను ఎదురు రాకుండా ఏ పరీక్షకీ గడప దాటలేదు. "పెద్దమ్మా, బస్సు టైమయింది, తొందరగా రా" అని మా గేటు పట్టుకుని ఊపేసేది.

ఇక మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. మా పొలం ముప్పాళ్ళ దగ్గర. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, నేను వచ్చేదాకా హారన్ కొడుతూ కూర్చునేవారు. గుండె ఆగి పొలం గట్టు మీదే ఆయన పోయిన రోజు కూడా నేనే ఎదురు వెళ్ళాను. బిందె నిండా నీళ్ళున్నాయి. నుదుటన బొట్టుంది. ఏ లోపమూ చేయలేదు. ఆ మాట ఎవరితోనైనా అనాలని చాలాసార్లు అనిపించింది. ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత బయటికి రావద్దని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? నేను వాకిట్లో ఉంటే బండి తీయబోయిన మనిషి ఆగిపోయి జేబులు తడుముకునేవాడు. నేను లోపలికి వెళ్ళగానే వాడి వస్తువు దొరికిపోయేది. అది రోజూ చూడలేకపోయాను. ఇంటి ముందు గోరింట, మందారం, నందివర్ధనం ఆయన ఉన్నప్పుడు నడుమెత్తున కత్తిరించి ఉండేవి. వాటిని పెరగనిచ్చాను. కాగితాల పూల తీగ గేటు మీదికి పాకింది. కొన్నేళ్ళకి మా వరండా వీధికి కనపడకుండా పోయింది. ఆ పొదల వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటే బండ్ల చప్పుడు వినపడేది, మనుషులు కనపడేవారు కాదు. నేనూ వాళ్ళకి కనపడను కదా, ఇదే హాయి అనుకున్నాను. హాయీ లేదు, పాడూ లేదు. ఏడుపే.

పోయిన శ్రావణంలో మాచర్ల నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. మా ఆయనకి అక్క. ఆవిడ నోటికి మా చుట్టాలంతా జడుస్తారు. గేటు తీస్తుండగా గోరింట మొదట్లోంచి పాము జరజరా పోయింది.

"ఏందే ఇది, ఇల్లా అడివా? కొట్టించటానికి ఏమొచ్చింది నీకు?"

"ఉండనీ వదినా. చల్లగా ఉంటది."

ఆవిడ నన్నూ, పొదల్నీ, వాటి వెనక కుర్చీనీ మార్చి మార్చి చూసింది. చూసి గొంతు తగ్గించింది.

"నా తమ్ముడు పోయాడే. నువ్వు పోలా."

అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మర్నాడు మనుషుల్ని పెట్టి అన్నీ కొట్టించింది. సాయంత్రానికి వరండాలో ఎండ పడింది. నాకు ఒంటి మీద గుడ్డ లేనట్టు అనిపించింది. ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు పాత చీర ముక్కలో విత్తనాలు మూట కట్టుకుని వచ్చింది. బంతి, సీతమ్మవారి జడ, చంద్రకాంత. నర్సరీ నుంచి చామంతి నారు తెప్పించింది. నడిచే దారి పొడుగునా గడ్డిగులాబీలు గుచ్చింది. నేను తాడు పట్టి వరసలు గీయబోతే తిట్టింది.

"వరసలెందుకే? అన్నీ కలిపి చల్లు. తిరనాళ్ళకొచ్చిన జనంలాగా ఉండాల. పొద్దున్నే నువ్వే నీళ్ళు పెట్టాల. నడి వాకిట్లో నిలబడి పెట్టాల, తెలిసిందా?"

కార్తీకం వచ్చేసరికి వాకిలి పసుపూ ఎరుపూ ఊదా అయిపోయింది. వీధిలో వాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. పూజకి నాలుగు చామంతులు, పిల్ల జడకి రెండు బంతులు అంటూ మళ్ళీ మా గేటు తీశారు. పూల కోసం వచ్చినవాళ్ళని నా కోసం వచ్చారనుకున్నాను. పిచ్చిదాన్ని.

మాఘంలో ఒక సాయంత్రం ఎదురింటి ఇల్లాలు వచ్చింది. అమ్మాయికి పెళ్ళి కుదిరింది.

"రేపు పొద్దున్నే పెళ్ళిబట్టలకి గుంటూరు పోతన్నాం అక్కా. పిల్ల జడలోకి పూలిస్తావా? నీ చామంతులు చానా బాగున్నయ్."

చెట్టున ఒక్కటి మిగల్చకుండా కోసి, నేనే మాల కట్టి ఇచ్చాను. కడుతున్నంతసేపూ ఒకటే ఆశ. ఎదురు రమ్మంటారని కాదు. అంత వెర్రిదాన్ని కాను. నేను అక్కడ నిలబడి ఉన్నా ఫరవాలేదంటారని.

తెల్లవారి నీళ్ళు పెడుతున్నాను. వాళ్ళ గేటు ముందు కారు ఆగి ఉంది. ఇల్లాలు గడప దాటింది, నన్ను చూసింది, ఆగింది. నవ్వింది కూడా. "అయ్యో, ఫోన్ మర్చిపోయా" అంటూ వెనకున్న వాళ్ళందరినీ లోపలికి మళ్ళించింది. ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. ఎదురు బాగా లేకపోతే వెనక్కి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరాలి. మా వీధిలో అది అందరికీ తెలుసు.

నేను పైపు కింద పడేసి లోపలికి వచ్చి తలుపు వెనక నిలబడ్డాను. కోపంతో గడియ బిగించాను. కాసేపటికి వాళ్ళ గేటు దగ్గర నుంచి ఆ పిల్ల గొంతు వినపడింది.

"అమ్మా, పెద్దమ్మ లోపలికి పోయింది. ఇంక రండి."

ఆ గొంతులో వెటకారం లేదు, చెడ్డతనం లేదు. బస్సు వచ్చిందని చెప్పినట్టు చెప్పింది. కిటికీ సందులోంచి చూస్తే కారెక్కుతోంది. జడనిండా నా చామంతులు.

ఇప్పుడు ఫాల్గుణం. మొక్కలకి ఎండెక్కాక, వీధిలో వాళ్ళంతా పనుల మీద వెళ్ళిపోయాక నీళ్ళు పెడుతున్నాను. అప్పటికి నేల కాలిపోతూ ఉంటుంది. గడ్డిగులాబీలు తట్టుకున్నాయి గానీ బంతులు తలలు వాల్చేశాయి. మొన్న మా ఆడబిడ్డ వీడియో కాల్ చేసి వాకిలి చూపించమంది.

"ఏందే, అట్టా వాడిపోయినయ్? పొద్దున్నే పెడతన్నావా నీళ్ళు?"

"పెడతన్నా వదినా" అన్నాను. "ఈ ఏడు ఎండలు ఎక్కువ."